పగులుకు లెక్క కట్టిన ఆలన్ గ్రిఫిత్

మన ఫిజిక్స్ లాబ్‌లో ప్రతి బి.యస్సీ. విద్యార్థీ చేసే ప్రయోగం ఒకటుంది. పైన బిగించిన తీగకు అరకిలో చొప్పున బరువులు వేస్తూ, అది ఎంత సాగిందో వెర్నియర్ మీద చూసి, యంగ్ గుణకం కట్టి, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాం. తీగ ఎంత సాగుతుందో చెప్పే లెక్క అది. ఎప్పుడు తెగుతుంది, ఎక్కడ తెగుతుంది, అక్కడే ఎందుకు తెగుతుంది అన్న ప్రశ్నలు ఆ రికార్డులో కనిపించవు. పుస్తకం చివర పట్టికలో ఒక్కొక్క పదార్థానికీ ఒక్కొక్క తెగే ప్రతిబలం అచ్చువేసి ఊరుకుంటారు. ఆ అంకె ఒక్క పదార్థానిదే కాదనీ, అందులో ఎక్కడో దాగిన గాటుకూ, పగులుకూ దానిలో వాటా ఉందనీ మొట్టమొదట లెక్క కట్టి చూపించినవాడు ఆలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్.

ఇంజనీరింగు మిత్రులకు ఈ పేరు ఒక సూత్రం పేరుగా తెలిసి ఉంటుంది. విమానాల మీద మోజున్నవారికి జెట్ ఇంజన్ల చరిత్రలో తగిలి ఉంటుంది. ఇద్దరూ ఒక్కరే అని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. నిజానికి ఆయన జీవితంలో పగుళ్ళ పని గట్టిగా అయిదారేళ్ళకు మించదు. మిగిలిన నలభై ఏళ్ళూ ఇంజన్లే. అయినా ప్రపంచం ఎక్కువగా తలుచుకుంటున్నది ఆ అయిదారేళ్ళనే.

గ్రిఫిత్ 1893 జూన్ 13న లండన్‌లో పుట్టాడు. తండ్రి జార్జ్ గ్రిఫిత్ ఆ రోజుల్లో పేరుమోసిన నవలాకారుడు. శాస్త్ర విజ్ఞానాన్ని ఊహతో కలిపి కథలు అల్లేవాడు. కొడుకు పుట్టిన ఏడాదే వెలువడిన ఆయన నవల ఒకదానిలో ఆకాశంలో ఎగిరే ఓడలు యుద్ధాలు చేస్తాయి. రైట్ సోదరుల విమానం నేల విడవడానికి ఇంకా పదేళ్ళు ఉంది అప్పటికి! కొడుకు విమానాల జోలికి పోతాడని ఆ తండ్రి ఊహించాడో లేదో గానీ, చూడటానికి మాత్రం బతికిలేడు. 1906లో, పిల్లవాడికి పన్నెండు పదమూడేళ్ళ వయసులో, కన్నుమూశాడు. ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న దీవిలో బడి చదువు ముగించుకుని, గ్రిఫిత్ లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగులో చేరాడు. 1914లో ప్రథమ శ్రేణిలో పట్టా పుచ్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది ఆ ఏడాదే.

1915లో ఆయన ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన కర్మాగారంలో శిక్షణ కోసం చేరాడు. తర్వాత్తర్వాత రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ అని పేరు మారిన సంస్థ అదే. అప్పటి విమానమంటే కర్ర, గుడ్డ, తీగలు, మధ్యలో ఒక ఇంజను. యుద్ధం పుణ్యమా అని విమానాలు వందలు వేలుగా తయారవుతున్నాయి. ఏ భాగం ఎంత సన్నగా చేస్తే నిలుస్తుంది, ఎంత లావుగా చేస్తే ఎగరకుండా పోతుంది అనే పేచీ రోజూ ఉండేది.

అక్కడ ఆయనకు జోడీ కుదిరినవాడు జి.ఐ. టేలర్, గొప్ప గణిత భౌతిక శాస్త్రవేత్త. గుండ్రని కడ్డీని మెలిపెడితే ఎక్కడ ఎంత ప్రతిబలం పడుతుందో లెక్క సులువు. మన సెకండియర్ పుస్తకంలోనే ఉంది. కానీ విమానంలో వాడే దూలాలు, ప్రొపెల్లర్ రెక్కలు గుండ్రంగా ఉండవు గదా. వాటికి సమీకరణాలు రాయొచ్చు గానీ సాధించడం అసాధ్యం. వీళ్ళిద్దరూ ఒక రేకులో ఆ ఆకారంలో రంధ్రం కోసి, దాని మీద సబ్బు నీటి పొర పరిచి, కింద నుంచి కాస్త గాలి ఒత్తిడి ఇచ్చారు. ఉబ్బిన ఆ పొర పాటించే సమీకరణమూ, మెలిపడిన కడ్డీ పాటించే సమీకరణమూ ఒకటే. ఈ సంగతి ప్రాంటల్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1903లోనే చెప్పి ఉన్నాడు. పొర ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడ ప్రతిబలం ఎక్కువ. అంటే కంటికి కనిపించని ప్రతిబలాన్ని బుడగ మీద వాలుగా కొలిచారన్నమాట. ఈ పనికి 1917లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ వారి బంగారు పతకం దక్కింది. గ్రిఫిత్‌కు తోటివాళ్ళు సబ్బు బుడగ అని ముద్దుపేరు పెట్టారు.

ఆ సబ్బు పొరే ఆయనకు ఇంకో సంగతి కూడా చూపించింది. లోపలికి మడిచిన మూలల దగ్గర పొర అమాంతం నిటారుగా లేస్తుంది. అంటే మూల ఎంత పదునుగా ఉంటే అక్కడ ప్రతిబలం అంతగా పోగుపడుతుంది. మా వైపు ట్రాక్టరు ట్రాలీ ఇరుసు విరిగినప్పుడు చూస్తే, ఎప్పుడూ లావు తగ్గి సన్నమయ్యే ఆ మెట్టు దగ్గరే విరుగుతుంది. లేత్ షాపు మేస్త్రీ కొత్తది తోలేటప్పుడు ఆ మెట్టును పలకగా వదలడు, కాస్త గుండ్రం తిప్పుతాడు. ఎవరు నేర్పారని అడిగితే నవ్వుతాడు. ఏ కాలేజీలోనూ చదవని ఆ మేస్త్రీ చేతిలో ఉన్నదీ, ఫార్న్‌బరోలో సబ్బు పొర మీద కొలిచినదీ ఒకటే విషయం.

గ్రిఫిత్ ముందుకు వచ్చిన తర్వాతి సమస్య గీతలది. ఇంజను భాగాల మీద కోత పనిముట్లు వదిలిన సన్నని గీతలుంటాయి. నునుపుగా పాలిష్ చేసిన భాగం ఎక్కువ కాలం పనిచేస్తుంది, గీతలున్నది తొందరగా విరుగుతుంది. ఎందుకు? 1913లో ఇంగ్లిస్ అనే కేంబ్రిడ్జి ఆచార్యుడు దీనికి దగ్గరి లెక్క ఒకటి చేసి పెట్టాడు. పలకలో గుండ్రని రంధ్రం ఉంటే దాని అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగుతూ, మొన పదునెక్కుతున్నకొద్దీ అది పది రెట్లు, ఇరవై రెట్లు, వంద రెట్లు అవుతూ పోతుంది. ఓడల రేకులు రంధ్రాల మూలల దగ్గర ఎందుకు చీలతాయో ఇది చక్కగానే చెప్పింది.

కానీ గ్రిఫిత్‌కు ఇందులో ఒక చిక్కు కనిపించింది. ఇంగ్లిస్ లెక్కలో ఆకారమే ప్రధానం, పరిమాణానికి పని లేదు. ఒకే ఆకారంలో ఉన్న చిన్న గీత, పెద్ద గీత రెండూ ఒకే మోతాదులో హాని చెయ్యాలి. పరీక్షల్లో అలా జరగడం లేదు. పెద్ద గీత ఎక్కువ హాని చేస్తోంది, బాగా చిన్న గీతను లోహం లెక్కచెయ్యడం లేదు. పైగా పగులు మొన అణువంత పదునుగా ఉంటే అక్కడి ప్రతిబలం ఇంచుమించు హద్దులేకుండా పెరగాలి. ఆ లెక్కన పగులున్న ప్రతి వస్తువూ చెయ్యి తగిలితేనే రెండు ముక్కలు కావాలి. మన ఇళ్ళల్లో బీటవారిన జాడీలు ఏళ్ళ తరబడి ఊరగాయ మోస్తూనే ఉన్నాయి కదా!

ఇక్కడే గ్రిఫిత్ ప్రశ్నను మార్చేశాడు. మొన దగ్గర ప్రతిబలం ఎంత అని అడగడం మానేసి, పగులు ఇంకొంచెం పెరగడం ప్రకృతికి లాభమా నష్టమా అని అడిగాడు. లాగిపట్టిన పలకలో రబ్బరులో ఉన్నట్టే శక్తి నిలవ ఉంటుంది. పగులు తెరుచుకుంటే దాని రెండు పక్కలా ఉన్న భాగం సడలి ఆ శక్తిని వదులుతుంది. అది జమ. మరి పగులు పెరగాలంటే రెండు కొత్త ముఖాలు పుట్టాలి. నీటికి తలతన్యత ఉన్నట్టే గట్టి పదార్థపు ముఖానికీ ఒక శక్తి ఉంది. దాన్ని ఎక్కడి నుంచైనా తెచ్చి చెల్లించాలి. అది ఖర్చు.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఖర్చు పగులు పొడవును బట్టి పెరుగుతుంది, జమ పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రైతు బిడ్డలకు చప్పున తెలిసేలా చెప్పాలంటే, నలుచదరపు చేనుకు కంచె ఖర్చు అంచు పొడవును బట్టి ఉంటుంది, పంట విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. అంచు రెండింతలైతే కంచె రెండింతలు, పంట నాలుగింతలు. గుప్పెడు మడికి కంచె వేస్తే కంచె కర్రల ఖర్చు కూడా రాదు. ఒక కొలత దాటాక ప్రతి అదనపు గజమూ లాభమే. పగులుకూ అంతే. ఒక పొడవు లోపు అది కదలదు, ఎన్నేళ్ళైనా పడి ఉంటుంది. ఆ పొడవు దాటిందా, దానికి ఇక బయటి నుంచి ఎవరూ తోడు రానక్కర్లేదు. తన జమతో తనే పరుగెత్తుతుంది. ఇనుములోనైనా గాజులోనైనా పెళుసుగా విరగడమంటే ఇదే. ముందు హెచ్చరిక ఉండదు, వంగడం ఉండదు, సాగడం ఉండదు.

బట్టల కొట్టువాడు తానులో గుడ్డ చింపేటప్పుడు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, ఆ తర్వాత సర్రున లాగుతాడు. కట్టెలు కొట్టేవాడు మొద్దులో నెర్ర ఎక్కడుందో వెతికి అక్కడే గొడ్డలి వేస్తాడు. వాళ్ళకు తెలియక కాదు, లెక్క లేదు అంతే. గ్రిఫిత్ ఇచ్చింది ఆ లెక్క. పగులు పొడవు నాలుగింతలైతే తట్టుకునే బలం సగమవుతుంది, తొమ్మిదింతలైతే మూడోవంతవుతుంది. మన లాబులో వేసే గ్రాఫు కన్నా కష్టమైనది కాదు.

సిద్ధాంతం చెప్పి ఊరుకోలేదు. పరీక్షకు గాజును ఎంచుకున్నాడు. లోహమైతే మొన దగ్గర కాస్త సాగి, పదును మొద్దుబారి, లెక్క కలగాపులగం చేస్తుంది. గాజు అలాంటి వేషాలు వెయ్యదు. గాజు గొట్టాలు, పలచటి బుడ్లు ఊదించి, వాటి మీద గాజు కోసే పనిముట్టుతో పగులు పెట్టాడు. చిన్నది నాలుగు మిల్లీమీటర్లు, పెద్దది ఇరవై పైచిలుకు. పగులు పెట్టడంలో మిగిలిన ఒత్తిళ్ళు పోవడానికి కొలిమిలో నెమ్మదిగా కాచి చల్లార్చాడు. తర్వాత లోపలి పీడనం పెంచుతూ, ఏ పీడనం దగ్గర పగిలిందో రాసుకున్నాడు. ప్రతిబలాన్నీ, పగులు పొడవు వర్గమూలాన్నీ గుణిస్తే అన్నిటికీ ఇంచుమించు ఒకే అంకె వచ్చింది. ఇక ఆ అంకె సిద్ధాంతం చెప్పినదేనా? దానికి గాజు తలతన్యత కావాలి. చల్లటి గాజుకు అది కొలవడం కుదరదు. కరిగిన వేడి గాజుకు రకరకాల ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి, గీత వెనక్కి పొడిగించి, గది ఉష్ణోగ్రత దగ్గర ఎంతో తేల్చాడు. రెండూ చక్కగా సరిపోయాయి. మొదట సబ్బు పొర, తర్వాత గాజు ముఖం. చూడబోతే ఆయన పని అంతా ఉపరితలాల మీదే తిరిగినట్టుంది.

ఆ ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది గాజు పోగుల సంగతి. అణువుల మధ్య ఉన్న ఆకర్షణను బట్టి లెక్క వేస్తే గాజు మనం చూస్తున్న దానికంటే ఎన్నో రెట్లు బలంగా ఉండాలి. లేదంటే కారణం దానిలో కంటికి కనిపించని పగుళ్ళు. వాటి పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయిలో ఉంటే చాలు. మరి పగుళ్ళకు చోటే లేనంత సన్నటి పోగు తీస్తే? గాజును వేడిచేసి పోగులు లాగి, ఒక్కొక్కటే తెగే దాకా బరువు వేశాడు. ఒక మిల్లీమీటరు మందం పోగు చదరపు అంగుళానికి సుమారు 25 వేల పౌనుల దగ్గర తెగింది. మిల్లీమీటరులో మూడు వందలో వంతు మందం పోగు సుమారు 4 లక్షల 90 వేల పౌనులు మోసింది. అదే గాజు, అదే మనిషి, ఇరవై రెట్ల బలం! అయితే అప్పుడే లాగిన పోగుకు ఉన్న బలం కొన్ని గంటల్లో తగ్గిపోతుందని కూడా గమనించాడు. దానికి ఆయన ఇచ్చుకున్న వివరణ తర్వాత నిలవలేదు గానీ, గమనించినది మాత్రం నిజం. వేలు తగిలినా, ఇంకో పోగు రాసుకున్నా, గాలిలో తడి సోకినా పోగు మీద కొత్త పగుళ్ళు పుడతాయి.

ఈ వ్యాసం 1920లో రాయల్ సొసైటీకి అంది, 1921లో అచ్చయింది. అందులో ఒక గుణకం తప్పు పడితే 1924లో డెల్ఫ్ట్ నగరంలో జరిగిన మొదటి అంతర్జాతీయ అనువర్తిత యాంత్రికశాస్త్ర మహాసభలో తనే సరిదిద్దుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై.

తర్వాత ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. ఇంజనీర్లు చదివి, ఇది గాజు సంగతి, మనవి ఉక్కు కట్టడాలు, ఉక్కు సాగుతుంది అనుకుని పక్కన పెట్టేశారు. పాతికేళ్ళు అలా పక్కనే ఉంది. ఫార్న్‌బరోలో ఇంకో కథ చెప్పుకుంటారు. తర్వాతి తరంలో అక్కడ పనిచేసిన గోర్డన్ అనే శాస్త్రవేత్త దాన్ని తన పుస్తకంలో రాశాడు. గాజు కరిగించే గ్యాసు మంటను లాక్‌స్పైజర్ అనే సహాయకుడు ఒక సాయంత్రం ఆర్పడం మరిచిపోయాడట. నిప్పంటుకుంది. విచారణ జరిగింది. పనికిరాని ఈ గాజు పని కట్టిపెట్టమని పైవాళ్ళు ఆజ్ఞాపించారు. గ్రిఫిత్‌ను ఇంజన్ల వైపు మార్చేశారు. ఆ లాక్‌స్పైజర్ తర్వాతి కాలంలో సర్ బెన్ లాక్‌స్పైజర్ అయి, జెనీవాలోని సెర్న్ పాలకమండలికి మొదటి అధ్యక్షుడయ్యాడు. మంట ఆర్పకపోతే ఉద్యోగం పోదని మన లాబ్ అటెండర్‌కు చెప్పకండి మరి.

ఇంజన్లలోనూ గ్రిఫిత్ చిన్నపని చెయ్యలేదు. అప్పటి టర్బైన్లు సరిగా పనిచేయకపోవడానికి కారణం వాటి రెక్కలను బల్లపరుపు రేకుల్లా చేయడమేననీ, విమానం రెక్క ఆకారంలో మలిస్తే సామర్థ్యం ఎంతో పెరుగుతుందనీ 1926లో ఒక నివేదికలో చూపించాడు. జెట్ విమానాల ఇంజన్లలో వరుసలు వరుసలుగా కనిపించే రెక్కల వెనక ఉన్న ఆలోచన అదే.

అయితే ఆయన జీవితంలో మచ్చగా చెప్పుకునే ఘట్టం కూడా ఈ కాలానిదే. 1929లో ఫ్రాంక్ విటిల్ అనే ఇరవై రెండేళ్ళ వైమానిక దళ అధికారి తన జెట్ ఇంజన్ ఆలోచనను పట్టుకుని వస్తే, విమాన మంత్రిత్వశాఖ అతణ్ణి గ్రిఫిత్ దగ్గరకు పంపింది. గ్రిఫిత్ అతని లెక్కలో ఒక పొరపాటు పట్టుకున్నాడు. అతను తలపెట్టిన రకం కంప్రెసర్ పెద్దగా లాభం లేదన్నాడు. శాఖ ఆ మాట పట్టుకుని చెయ్యి దులుపుకుంది. పొరపాటు ఉన్నమాట నిజమే. కానీ ఆలోచన అంతకంటే పెద్దది. విటిల్ పేటెంటు రుసుము అయిదు పౌనులు కట్టలేక 1935లో దాన్ని వదులుకున్నాడు. 1937లో ఇంజను తిప్పి చూపించాడు. 1941 మే 15న దానితో విమానం ఎగిరింది. ఈలోగా 1939లోనే జర్మనీ వాళ్ళు జెట్ విమానం ఎగరేసేశారు. పగులు వెతకడంలో అంత నేర్పున్న కన్ను ఒక కుర్రవాడి కాగితంలో పగులును మాత్రమే చూసిందని నాకనిపిస్తుంది. అలాగని గ్రిఫిత్ చెడ్డవాడు కాదు. మొహమాటస్థుడు, ఒంటరిగా కూచుని ఆలోచించేవాడు. తన దారి వేరు, అంతే. చివరకు పెద్ద ఇంజన్లలో గెలిచింది కూడా గ్రిఫిత్ చెప్పిన అక్షీయ కంప్రెసరే. కానీ అది ఆలస్యంగా గెలిచింది.

1939లో రోల్స్-రాయిస్ సంస్థ ఆయనను పిలుచుకుంది. 1960 దాకా అక్కడే. మొదట తలపెట్టిన ఇంజను మరీ చిక్కుముడిగా తయారై నెగ్గలేదు. తర్వాతిది ఏవాన్. కాన్‌బెర్రా, హంటర్ విమానాలు ఎగిరింది దానితోనే. మన భారత వైమానిక దళం ఆ రెంటినీ ఏళ్ళ తరబడి నడిపింది. 1941లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది.

ఆయన ఇలా ఇంజన్లలో మునిగి ఉండగా, పక్కన పెట్టిన ఆ పాత లెక్క సముద్రం మీద తేలింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సరుకు ఓడలను రివెట్లు మాని, రేకు రేకుకూ వెల్డింగు చేసి వేగంగా కట్టింది. ఒక్క లిబర్టీ రకమే సుమారు 2,700. పని జోరుగా సాగుతుండగా 1943 జనవరి 16 రాత్రి, పోర్ట్‌లాండ్ రేవులో కొత్తగా కట్టి నిలిపిన షెనెక్టడీ అనే చమురు ఓడ పెద్ద చప్పుడుతో నడుముకు విరిగింది. తుపాను లేదు, అలలు లేవు, శత్రువు లేడు. కట్టిన రేవులో కదలకుండా ఉన్న ఓడ! చప్పుడు మైలు దూరం వినిపించిందట. ఆ రోజుల్లో వందల ఓడల్లో పగుళ్ళు కనిపించాయి. కొన్ని నడిసముద్రంలో రెండు ముక్కలయ్యాయి, వాటితో పాటు మనుషులు పోయారు.

తప్పంతా వెల్డింగుదే అనుకున్నారు మొదట. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త్రి అసలు గుట్టు ఉక్కులో ఉందని చూపించింది. మామూలు వేడిలో సాగే ఆ ఉక్కు ఒక ఉష్ణోగ్రతకు దిగువన గాజులా పెళుసెక్కుతుంది. సరుకు దించే ద్వారాల మూలలు పలకగా ఉన్నాయి. అవి గాట్లు. వెల్డింగులో మిగిలిన లోపాలు పగుళ్ళు. చలి నీళ్ళలో ఉక్కు మొన దగ్గర సాగి పదును మొద్దుబారే వీలు లేదు. పైగా రివెట్ల ఓడలో పగులు ఒక రేకు అంచున ఆగిపోతుంది. వెల్డింగు చేసిన ఓడ మొత్తం ఒకే రేకు, పగులుకు అడ్డేది లేదు. తర్వాత మూలలు గుండ్రం తిప్పారు, మధ్యలో పగులును ఆపే పట్టీలు వేశారు.

గ్రిఫిత్ వ్యాసం దుమ్ము దులిపి తీసింది అప్పుడు. వాషింగ్టన్‌లోని నౌకాదళ పరిశోధనాలయంలో ఇర్విన్, విడిగా ఒరొవాన్ ఒకే సవరణ చేశారు. లోహంలో పగులు పెరగడానికి పడే ఖర్చు కొత్త ముఖాలది మాత్రమే కాదు. మొన ముందు లోహం సాగడానికి పడే ఖర్చు దానికి వందలు వేల రెట్లుంటుంది. ఆ పెద్ద అంకెను గ్రిఫిత్ ఖర్చు గడిలో వేస్తే సూత్రం ఉక్కుకూ పనిచేస్తుంది. ఉక్కుకు చలి, మందం, గాటు ఈ మూడూ కలిస్తే ఆ ఖర్చు ఒక్కసారిగా పడిపోతుంది. అంతే తేడా. 1957 నాటికి ఇర్విన్ దీన్ని ఏ ఇంజనీరైనా వాడుకోగల రూపంలోకి తెచ్చాడు.

1954 గురించి చెప్పకుండా ఈ కథ సాగదు. ఆ జనవరి 10న ఎల్బా దీవి దగ్గర, ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర, రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే విడిపోయి సముద్రంలో పడ్డాయి. మొదటి దానిలో 35 మంది, రెండవ దానిలో 21 మంది పోయారు. విచారణ ఫార్న్‌బరోకే వచ్చింది, గ్రిఫిత్ గాజు బుడ్లు పగలగొట్టిన ఆ ఫార్న్‌బరోకే. అక్కడివాళ్ళు ఒక కామెట్‌ను నీళ్ళ తొట్టిలో పెట్టి, క్యాబిన్‌లోకి నీళ్ళెక్కించి ఒత్తిడి పెంచుతూ దించుతూ, వేల ప్రయాణాల అనుభవాన్ని వారాల్లో చూపించారు. మొత్తం మూడు వేల పైచిలుకు సార్లకు కిటికీ మూల దగ్గర పగులు పుట్టి, పెరిగి, ఒక పొడవు దాటగానే గోడ చీలిపోయింది. గ్రిఫిత్ బుడ్డికీ ఆ విమానానికీ పెద్ద తేడా లేదు, ఒకదానిలో మనుషులున్నారంతే. ఆయన మాత్రం ఆ ఏడాది వేరే పనిలో ఉన్నాడు. రెక్కలు లేకుండా, రెండు జెట్ ఇంజన్ల తోపు మీద నిటారుగా లేచే యంత్రం ఒకటి. నాలుగు కాళ్ళ ఇనప మంచంలా ఉండేది కాబట్టి ఎగిరే మంచం అని పేరుపడింది. 1954 ఆగస్టు 3న తాళ్ళు లేకుండా లేచింది.

ఆయన ఆలోచనల్లో నుంచి వచ్చిన మరో ఇంజను కాన్వే. లోపలికి వచ్చే గాలిలో కొంత భాగాన్ని మంట దగ్గరకు పోనీయకుండా పక్కదారిన పంపే రకం. ప్రయాణికుల విమానాలకు అలాంటి ఇంజను రావడం అదే మొదలు. ఎయిర్ ఇండియా 1960లో తెచ్చుకున్న మొదటి బోయింగ్ 707లకు బిగించినవి కాన్వేలే. ఆ ఏడాదే గ్రిఫిత్ ఉద్యోగం విరమించాడు. 1963 అక్టోబరు 13న, డెబ్భయ్యవ ఏట, పోయాడు.

ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1967 డిసెంబరు 15 సాయంత్రం, అమెరికాలో ఒహాయో నది మీద 1928లో కట్టిన సిల్వర్ బ్రిడ్జి, వాహనాలతో నిండి ఉండగా, నిమిషం లోపు నదిలోకి జారిపోయింది. 46 మంది పోయారు. వంతెనను మోసే ఉక్కు గొలుసులో ఒక కంటి దగ్గర, రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు ఒకటి ఆ మొత్తానికి మొదలని తేలింది. గొలుసు విప్పితే తప్ప కంటికి ఆనని చోటది. ఆ మరుసటి ఏడాది అమెరికా చట్టం చేసి, 1971 నుంచి దేశంలోని రోడ్డు వంతెనలకు ఒకే తనిఖీ నియమావళి పెట్టింది.